ఎన్నారై సందేహాలు: ఫైకా కోత, లంచ్ టేబుల్ దగ్గర వాదనలు

హెచ్-1బీ మొదలవగానే జీతంలో కొత్తగా ఒక కోత పడుతోందనీ, ఆఫీసులో భోజనాల దగ్గర ప్రభుత్వ లోటు, సోషల్ సెక్యూరిటీ సంస్కరణలు, కార్పొరేట్ పన్ను గురించి వాదన లేచినప్పుడు తాను ఏం మాట్లాడాలో తోచడం లేదనీ ఒక చిరంజీవి రాశారు. ఆ రెండు సందేహాలూ నిజానికి ఒకటే, ముసలితనానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే. ఆ సంగతి గ్రహించడానికి నాకు మూడేళ్లు పట్టింది. మీకు ఈ కొద్ది పేరాలు చదివినంతసేపు పడుతుంది కనుక మీరు అదృష్టవంతులు.

నేను 1999లో న్యూజెర్సీలో దిగాను. మొదటి పే స్టబ్‌లో, అంటే జీతం చీటీలో, సోషల్ సెక్యూరిటీ అనే పింఛను పథకానికి 6.2 శాతం, మెడికేర్ అనే వృద్ధుల వైద్య బీమాకు 1.45 శాతం కోసిన ఫైకా పన్ను గడి చూసి కంగారు పడకపోగా సంతోషించాను. మా నాన్నగారు రిటైరైనప్పుడు జిల్లా పరిషత్ ప్రావిడెంట్ ఫండు సొమ్ము ఏకమొత్తంగా వచ్చి, అక్కయ్య పెళ్లికి చేసిన అప్పు తీరింది. ఇదీ అలాంటిదే, నా పేరున ఎక్కడో జమ అవుతోంది, తిరిగి వెళ్లేటప్పుడు వడ్డీతో సహా పుచ్చుకోవచ్చు అని తెనాలిలో ఉన్న బావగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఒక పీఎఫ్ ఉండగా రెండోది ఎందుకనే ధీమాతో కంపెనీవారు ఇచ్చిన 401(కె) కాగితాన్ని, అంటే మన పేరునే జమయ్యే రిటైర్మెంట్ పొదుపు ఖాతా కాగితాన్ని, ఖాళీగా తిప్పి పంపాను. జీతంలో ఆరు శాతం నేను వేస్తే అందులో సగం కంపెనీ వేసేది. అరవై వేల జీతానికి ఏడాదికి 1,800 డాలర్ల చొప్పున మూడేళ్లలో 5,400 డాలర్లు, ఎవరూ దొంగిలించకుండానే, పోగొట్టుకున్నాను.

ఫైకా మన పీఎఫ్ లాంటిది కాదు. ఈ రోజు మీ దగ్గర కోసినది ఈ రోజు రిటైరై ఉన్నవారికి వెళుతుంది. మీకు దక్కేది డబ్బు మూట కాదు, ముందుముందు పింఛను పొందే అర్హత మాత్రమే. అందుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని ఉండాలి. భారతదేశానికీ అమెరికాకూ మధ్య ఈ లెక్కలను కలిపే ఒప్పందం లేదు కాబట్టి ఎనిమిదో ఏట మూట కట్టుకుని వెళ్లేవారికి ఆ సొమ్ము మీద ఆశ ఉండకూడదు. మిగతా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైటులోనే ఉన్నాయి, చూసుకోండి.

ఇక భోజనాల సంగతి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వంటివాటిని ఇక్కడ ఎంటైటిల్మెంట్లు అంటారు. అవి మన దగ్గరి ఉచిత పథకాల వంటివని అనుకుని, 2002లో ఒక మధ్యాహ్నం, లోటు తగ్గాలంటే ముందు వాటికే కత్తెర వేయాలని నేను గట్టిగా వాదించాను. ఎదురుగా నారింజ తొక్క వొలుచుకుంటున్న పెద్దాయన ఏమీ అనలేదు. మరునాడు ఆయన తన సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంటు తెచ్చి, మడతలు విప్పి నా పళ్లెం పక్కన పెట్టారు. 1959లో పెట్రోలు బంకులో పనిచేసిన వేసవికి రెండు వందల చిల్లర డాలర్లు, ఆ కింద నలభై మూడేళ్ల సంపాదన వరుసగా ఉన్నాయి. ఇక్కడి మనుషులు దాన్ని దానంగా కాక తాము కట్టుకున్న హక్కుగా చూస్తారని ఆ కాగితమే చెప్పింది. అది మడిచి జేబులో పెట్టుకుంటూ, నువ్వు 401(కె)లో ఎంత వేస్తున్నావు అని ఆయన అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

సోషల్ సెక్యూరిటీకి సంస్కరణ కావాలన్న వాదన మాత్రం అబద్ధమేమీ కాదు. 1983లో రీగన్ కాలంలో చేసిన చట్టం వల్లనే పూర్తి పింఛను వయసు 65 నుంచి మెల్లగా 67కు జరిగింది. ఇప్పటి అంచనాల ప్రకారం, ఏ మార్పూ చేయకపోతే, 2033 ప్రాంతంలో పింఛను నిధి నిల్వ అయిపోయి, వచ్చే పన్నుతో నాలుగింట మూడు వంతులకు కాస్త పైగా మాత్రమే చెల్లించగలుగుతారు. వయసు ఇంకా పెంచాలని ఒకరు, జీతం ఒక మొత్తం (2025లో 1,76,100 డాలర్లు) దాటాక సోషల్ సెక్యూరిటీ పన్ను కోయరు కదా, ఆ పరిమితిని తీసేయాలని ఇంకొకరు అంటారు. రెండోది జరిగితే మొదట తగిలేది మన సాఫ్ట్‌వేర్ వాళ్లకే, అది మరిచిపోయి తల ఊపకండి.

కంపెనీల లాభాల మీద వేసే కార్పొరేట్ పన్ను దగ్గర కూడా నేను తడబడ్డాను. 2017 చట్టం దాన్ని 35 నుంచి 21 శాతానికి దించినప్పుడు జీతాలు పెరుగుతాయని అందరికంటే ముందు ఉత్సాహపడ్డాను. మాకు ఒక్కసారి వెయ్యి డాలర్ల బోనస్ వచ్చింది, అంతే. ఆ పన్ను రాబడి 2017లో 297 బిలియన్ డాలర్లు, 2018లో 205 బిలియన్లు. లాభాలు పెరిగి తరువాత కోలుకున్న మాట కూడా నిజమే. అయినా 2024లో ప్రభుత్వ లోటు 1.8 ట్రిలియన్ డాలర్లు, ఆ ఏడాది వడ్డీల ఖర్చు రక్షణ ఖర్చును మించింది. ఇంత అప్పున్న ప్రభుత్వం నా ముసలితనానికి ఎంత మిగులుస్తుందని రాత్రిళ్లు లెక్కలు వేసుకునే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

మీ ఉత్తరంలో వీసా తేదీ, జీతం, కోత అన్నీ రాశారు గానీ, కంపెనీ 401(కె)లో మీకు ఎంత జతచేస్తుందో రాయలేదు. అడిగారో లేదో ముందు అది చెప్పండి.