పాత చీరల పనికి కొత్త అప్పు ఎందుకమ్మా?

మచిలీపట్నం నుంచి ఒకావిడ రాశారు. రెండేళ్లుగా ఇంట్లోనే పాత పట్టుచీరలు పిల్లల లంగాజాకెట్లుగా మార్చడం, చిరిగినవాటికి రఫూ చేయడం, వెలిసిన కాటన్ చీరలకి కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందుతో మళ్లీ రంగెక్కించడం చేస్తున్నారట. ఇంటి ఖర్చు నెలకి 22 వేలు, బ్యాంకులో 62 వేలున్నాయి. బంగారం తాకట్టు పెట్టి 3 లక్షలు, లోన్ యాప్‌లో ఇంకో 60 వేలు తీసుకుని బజార్లో షాపు, పెద్ద రాగి కాగులు, పవర్ కుట్టు మెషిన్ పెట్టొచ్చా అని ప్రశ్న.

వద్దమ్మా. మీ పని చాలా మంచిది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ముందు ఆ 62 వేల సంగతి. అందులో 19 వేలు కస్టమర్లు ఇచ్చిన అడ్వాన్సులని ఉత్తరం కింద మీరే రాశారు. పని అప్పజెప్పేదాకా అది వాళ్ల డబ్బు, మీ సేవింగ్స్ కాదు, అంటే మీకున్నది 43 వేలే, రెండు నెలల ఇంటి ఖర్చుకి కూడా చాలదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు నాకు రాసే ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, అకౌంట్లో కనిపించేదంతా నాదే అనుకుని దాని మీద అప్పు లెక్క వేసుకోవడం.

మీ రంగుల పనికి ఎండే పెట్టుబడి. కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట ఎండలో ఆరాలి, పటిక పెట్టాక ఆరాలి, ఉడకబెట్టి ఉతికాక మళ్లీ ఆరాలి, ముసురు పట్టిందంటే పని ఆగినట్టే. వానాకాలంలో ఆదాయం 30 వేల నుంచి 9 వేలకి పడిపోతోందని మీరే రాశారు కదా. 3 లక్షలకి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకి 3 వేలు, పైన షాపు అద్దె, యాప్ వాయిదా. ఆగస్టులో ఇవన్నీ ఎక్కడి నుంచి కడతారు? బంగారం వేలానికి పోయేది సరిగ్గా ఇలాంటి నెలల్లోనే.

ఇంకోటి, కస్టమర్ పట్టుచీర మీ చేతిలో పాడైతే పరిహారం మీరే ఇవ్వాలి, దానికి కూడా చేతిలో డబ్బుండాలి.

అందుకని ఎమర్జెన్సీ ఫండ్ ముందు. ఆరు నెలల ఖర్చు 1 లక్షా 32 వేలు, ఉన్న 43 వేలు తీసేస్తే 89 వేలు తక్కువ. ఎండ ఉన్న నెలల్లో 30 వేలల్లో ఇంటి ఖర్చు పోను మిగిలే 8 వేల చొప్పున వేస్తే దాదాపు పదకొండు నెలల పని, మధ్యలో వానాకాలం వస్తే ఇంకొంచెం ఆలస్యం, పర్లేదు. అడ్వాన్సులకి వేరే అకౌంట్ తెరవండి, ఈ వారమే.

పెద్ద కాగులు ఇప్పుడు అనవసరం. వచ్చే పది చీరల్లో ఆరు పాలిస్టర్ మిక్స్ అని మీరే వెనక్కి పంపుతున్నారు, పాలిస్టర్‌కి ఈ రంగులు పట్టవు, కాగు పెద్దదైతే కాటన్ చీరలు ఎక్కువ రావు కదా. మీకు నిలకడగా డబ్బు తెచ్చేది కుట్టుపని, రఫూ. మెషిన్ కావాలంటే ఫండ్ నిండాక, చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో టైలర్లకి మొదటి విడత లక్ష దాకా 5 శాతానికి ఇస్తారు, అది చూడండి. ఇంట్లో అందరికీ హెల్త్ పాలసీ లేకపోతే అది మాత్రం ఫండ్‌తో పాటే మొదలెట్టాలి.

యాప్ లోన్ గురించి మాట్లాడటానికేం లేదు, ఫోన్లోంచి తీసేయండి.