మీ ప్రశ్నలు - మా జవాబులు: ఘాటు రోడ్డుకు ఎలాంటి కామ్‌షాఫ్ట్?

ప్రశ్న: నా దగ్గర 1998 నాటి మారుతి జిప్సీ ఉంది. 1298 సిసి, కార్బురేటరు, 8 వాల్వుల ఇంజిను. జయపురం నుంచి కొరాపుట్‌కు, అక్కడి నుంచి సుంకి ఘాటు మీదుగా సాలూరుకు నెలకు నాలుగైదుసార్లు తిరుగుతాను. రింగులు అరిగి ఇంజిను ఎలాగూ విప్పించాను కనుక, పికప్ పెరుగుతుందన్న ఆశతో విశాఖపట్నంలోని ఒక దుకాణంలో రీగ్రైండ్ చేసిన, అంటే పాతదాన్ని మళ్ళీ చెక్కిన, కామ్‌షాఫ్ట్ (ఇంజిను వాల్వులను తెరిచి మూసే ఇరుసు) కొన్నాను. దాని చీటీ మీద ‘280 డిగ్రీలు, లిఫ్ట్ 9’ అని మాత్రమే రాసి ఉంది. నచ్చకపోతే వారంలోగా వెనక్కు తీసుకుంటామన్నారు. ఘాటు ఎక్కేటప్పుడు నేను బిగించుకున్న ఆర్‌పీఎం మీటరు 2500, 3500 మధ్యే తిరుగుతుంది. ఈ షాఫ్ట్ నాకు పనికొస్తుందా? మా ఊళ్ళో దొరికే పరికరాలతో దాన్ని పరీక్షించడం ఎలా?
- ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: పనికిరాదు. ఆ షాఫ్ట్ ఎంత శుద్ధంగా తయారైనదైనా సరే, మీ రోడ్డుకు అది తగినది కాదు. మీటరు గురించి మీరు రాసిన ఒక్క వాక్యమే ఈ విషయాన్ని తేల్చేసింది.

పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. చీటీ మీది 280 అన్నది వాల్వు తెరుచుకుని ఉండే కాలాన్ని క్రాంకు డిగ్రీలలో చెప్పే అంకె, దీన్నే డ్యూరేషన్ అంటారు. లిఫ్ట్ అంటే వాల్వు గాని, దాన్ని నెట్టే లోబు గాని కదిలించే దూరం, మిల్లీమీటర్లలో. అలాంటి షాఫ్ట్‌ను ఇన్‌లెట్ మధ్యబిందువు (మిశ్రమం లోపలికి వచ్చే వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటు) పిస్టన్ పైకొస దాటిన 106 డిగ్రీల దగ్గరకు వచ్చేలా బిగించారనుకుంటే, పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి బయలుదేరిన తరువాత 66 డిగ్రీలకు గాని ఇన్‌లెట్ వాల్వు మూసుకోదు. 5000 చుట్లు దాటిన వేగంలో లోపలికి వచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి పిస్టన్ ఎదురొస్తున్నా అది సిలిండరులోకి చొరబడుతూనే ఉంటుంది. మీరు ఘాటులో నడిపే 2500 దగ్గర ఆ ఊపు ఉండదు. పీల్చుకున్న మిశ్రమంలో కొంత భాగాన్ని పిస్టన్ తిరిగి కార్బురేటరు వైపు నెట్టేస్తుంది. అంటే మీకు బలం కావలసిన చోటనే బలం తగ్గి, మీరు ఎన్నడూ చేరని వేగంలో పెరుగుతుంది.

రెండో నష్టం ఓవర్‌ల్యాప్, అంటే ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిగా తెరుచుకుని ఉండే వ్యవధి. రెండు లోబుల (వాల్వులను నెట్టే షాఫ్ట్ మీది ఉబ్బుల) డ్యూరేషన్ల సగటు నుంచి వాటి మధ్య కోణానికి రెట్టింపు తీసివేస్తే అది వస్తుంది. 280 డిగ్రీల లోబులు 106 కోణంతో ఉంటే ఓవర్‌ల్యాప్ 68 డిగ్రీలు. అదే 252 డిగ్రీల లోబులు 110 కోణంతో ఉంటే 32 డిగ్రీలే. ఓవర్‌ల్యాప్ పెరిగేకొద్దీ ఐడ్లింగ్ దడదడలాడుతుంది, మానిఫోల్డులో, అంటే ఇంజినులోకి మిశ్రమం వెళ్ళే గొట్టంలో, వాక్యూమ్ పడిపోతుంది. ఆ వాక్యూమ్‌తో బ్రేకుకు బలమిచ్చే బూస్టరు ఉన్న బండిలో, ఘాటు మలుపుల దగ్గర ఇంజిను నెమ్మదించినప్పుడు వెంటవెంటనే బ్రేకు నొక్కవలసి వస్తే పెడలు గట్టిపడడానికి ఇది చాలు. పికప్ మాట వచ్చినప్పుడు బ్రేకు సంగతి ఎవరికీ గుర్తురాదు. సుంకి ఘాటు దిగేవారు మాత్రం దీన్నే ముందు ఆలోచించాలి.

ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోండి. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 8 శాతం తక్కువ కనుక ఏ కామ్‌షాఫ్ట్ వేసినా శక్తి ఆ మేరకు తగ్గే ఉంటుంది, కార్బురేటరు మిశ్రమం కూడా కాస్త చిక్కబడుతుంది. పికప్ చాలడం లేదన్న మీ అసంతృప్తిలో ఎంతో కొంత వాటా దీనిదే కావచ్చు. కార్బురేటరులో పెట్రోలు కొలతను నిర్ణయించే జెట్టును సరిచేయించడం కామ్‌షాఫ్ట్ కన్నా చాలా చవక.

అయినా మార్చాలనే ఉంటే, వాల్వు తన సీటు నుంచి కదలడం మొదలైన చోటు నుంచి కొలిచిన డ్యూరేషన్ 250, 256 మధ్య, లోబుల మధ్య కోణం 110, 112 మధ్య ఉన్నదాన్ని ఎంచుకోండి. లిఫ్ట్‌ను వాల్వు స్ప్రింగులు, హెడ్డు (సిలిండర్ల మీది మూత) అనుమతించినంత మేరకు పెంచుకోవచ్చు. కొనేముందు ఆ డ్యూరేషన్‌ను ఎంత లిఫ్ట్ దగ్గర కొలిచారో తప్పక అడగండి. కొందరు వాల్వు కదలడం మొదలైన చోటు నుంచి కొలుస్తారు, కొందరు 1 మిల్లీమీటరు దగ్గర, అమెరికా వారు 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్ల దగ్గర కొలుస్తారు. ఒకే షాఫ్ట్‌కు ఈ అంకెలు 40, 50 డిగ్రీల తేడాతో కనిపించవచ్చు. మీ చీటీ మీది 280 ఒకవేళ 1 మిల్లీమీటరు దగ్గర కొలిచినదైతే అది పూర్తిగా పందేల షాఫ్ట్, ఇంకా పనికిరాదు.

ఇక పరీక్ష. వెనక్కు ఇచ్చేది ఎలాగూ ఖాయమే అయినా, దాని స్థానంలో తెచ్చుకునే షాఫ్ట్‌కు ఇదంతా అవసరమే. మంచి లేత్ షాపులో ఒక మైక్రోమీటరు, ఒక డయల్ గేజి, రెండు వి-బ్లాకులు ఉంటాయి. అంతకు మించి అక్కరలేదు. ముందుగా షాఫ్ట్‌ను కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, ఎండలో తిప్పి చూడండి. లోబు మీద, జర్నళ్ళ (షాఫ్ట్ ఆని తిరిగే గుండ్రటి భాగాల) మీద వేలిగోరు అడ్డంగా లాగినప్పుడు ఎక్కడైనా తట్టుకుంటే ఆ షాఫ్ట్ వద్దు. ఆయిల్ రంధ్రాలలోకి సన్నటి తీగ పంపి, గ్రైండింగ్ పొడి మిగిలిపోయిందేమో చూడండి. రీగ్రైండ్ షాఫ్టుల విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ పొడే. ఈ తరహా హెడ్డులో షాఫ్ట్‌ను వెనుక నుంచి దూర్చి ఎక్కిస్తారు, జర్నళ్ళు బేరింగులు లేకుండా నేరుగా అల్యూమినియం మీదే తిరుగుతాయి. ఆ పొడి గీసే గీతలు షాఫ్ట్‌తో ఆగవు, హెడ్డే పాడవుతుంది.

తరువాత చివరి జర్నళ్ళను వి-బ్లాకుల మీద ఆనించి, మధ్య జర్నలు మీద డయల్ గేజి పెట్టి నెమ్మదిగా తిప్పండి. కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి అరిగిన షాఫ్ట్‌కు ఉద్దేశించినది. డబ్బు పెట్టి కొనే షాఫ్ట్‌లో ముల్లు 0.03 మిల్లీమీటరు కన్నా ఎక్కువ ఊగితే నేను తీసుకోను. ఆపైన ప్రతి లోబునూ రెండు చోట్ల కొలవండి: ముక్కు (లోబు ఎత్తైన కొన) నుంచి మడమ (దానికి ఎదుటి గుండ్రటి భాగం) వరకు ఒకటి, దానికి అడ్డంగా మడమ వ్యాసం మరొకటి. మొదటిది 38.0, రెండోది 31.5 అయితే లోబు లిఫ్ట్ 6.5 మిల్లీమీటర్లు. లోబు కదలికను వాల్వుకు చేర్చే రాకరు నిష్పత్తి 1.4 అనుకుంటే వాల్వు లిఫ్ట్ 9.1, అందులో 0.15 టాపెట్ గ్యాప్ (రాకరుకూ వాల్వుకూ మధ్య వదిలే ఖాళీ) పోగా మిగిలేది 8.95. మీ చీటీ మీది ‘9’ వాల్వుకు చెందినదా, లోబుకు చెందినదా అన్నది ఈ లెక్కతో తేలిపోతుంది. నాలుగు ఇన్‌లెట్ లోబుల మధ్య గాని, నాలుగు ఎగ్జాస్ట్ లోబుల మధ్య గాని 0.05 మిల్లీమీటరు కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ గ్రైండింగ్ నమ్మదగ్గది కాదు.

రీగ్రైండింగ్‌లో లోహం కలపరు, మడమను చెక్కి లిఫ్ట్ పెంచుతారు. అందువల్ల రెండు చిక్కులు వస్తాయి. పోత ఇనుప షాఫ్ట్‌కు గట్టిదనం పైపొరలోనే ఉంటుంది; లోతుగా చెక్కితే మెత్తటి ఇనుము బయటపడుతుంది. లోబు అంచున, రాకరు తగలని చోట, చిన్న సూది ఆకురాయితో మెల్లగా గీసి చూడండి: అది జారిపోవాలి, కరవకూడదు. రెండోది, మడమ చిన్నదైతే రాకరు వాలు మారుతుంది, టాపెట్ స్క్రూను మరీ కిందికి దింపవలసి వస్తుంది. రాకరు గుర్తు వాల్వు కాడ మధ్యన కాకుండా అంచున పడుతుంటే ఆ షాఫ్ట్ ఆ హెడ్డుకు తగదు.

షాఫ్ట్ బాగున్నా, బిగించిన తరువాత ఖాళీలు చూడకుండా స్టార్టు చేయకండి. పిస్టన్ మీద మెత్తటి మైనపు బంకమట్టి పెట్టి, హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, విప్పి చూస్తే, అణిగిన మట్టి మందమే వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ. ఇన్‌లెట్ దగ్గర 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మిల్లీమీటర్లు ఉండాలని ఇంజిన్లు కట్టేవారి వాడుక. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకుండా మొత్తం మీద 1.5 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. టైమింగ్ గుర్తులను గుడ్డిగా నమ్మవద్దు. డిగ్రీ చక్రం బిగించి ఇన్‌లెట్ మధ్యబిందువును కొలవండి. 40 పళ్ళ పుల్లీ మీద బెల్టు ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 18 డిగ్రీలు తప్పినట్లే.

ప్రశ్న: కొత్త కామ్‌షాఫ్ట్ వేయించిన 2000 కిలోమీటర్లకే రెండు లోబులు గుండ్రంగా అరిగిపోయాయి. మెకానిక్కు సరుకు నాసిరకం అంటున్నాడు, అమ్మినవారు బిగింపు తప్పంటున్నారు. ఎవరిది నిజం?
- ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: పాత రాకర్లే ఉంచారా అన్నది మీరు రాయలేదు. ఉంచి ఉంటే, అనుమానం ముందుగా బిగింపు మీదికే పోతుంది. పాత లోబుతో కలిసి అరిగిన రాకరు ముఖం కొత్త లోబు మీద ఒక సన్నటి గీత మీదనే బరువు మోపుతుంది, ఆ ఒత్తిడికి పైపొర మొదటి గంటల్లోనే ఊడిపోతుంది. రాకర్లు కూడా కొత్తవే అయితే మొదటి స్టార్టు గురించి అడగండి. లోబులకు మాలిబ్డినం గ్రీజు పూసి, స్టార్టరుతో ఎక్కువసేపు తిప్పకుండా, ఇంజిను అంటుకోగానే 2000, 2500 మధ్య వేగాన్ని మారుస్తూ 20 నిమిషాలు నడిపించాలి. ఆ సమయంలో ఐడ్లింగులో వదిలేస్తే లోబుల మీదికి చిమ్మే ఆయిల్ చాలదు. ఆయిల్ రకం కూడా ముఖ్యం. పలుచటి గ్రేడ్ల పెట్రోలు ఆయిళ్ళలో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌ఎం తరగతి నుంచి ఫాస్ఫరసును 0.08 శాతానికి పరిమితం చేశారు. జింకు-ఫాస్ఫరసు రక్షణ అవసరమైన ఇలాంటి పాత ఇంజిన్లకు లారీలలో పోసే 15డబ్ల్యూ-40 సీఐ-4 ఆయిల్ మేలు. అన్నీ సక్రమంగా జరిగాయని తేలితే, అరగని లోబు మీద ఆకురాయి పరీక్ష చేయించండి. ఆకురాయి కరిస్తే అమ్మినవారు జవాబు చెప్పవలసిందే.

ప్రశ్న: కామ్‌షాఫ్ట్ మారిస్తే రిజిస్ట్రేషన్ పుస్తకంలో నమోదు చేయించాలా?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకునేది రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని. కామ్‌షాఫ్ట్ వల్ల ఇంజిను నంబరు గాని, సిసి గాని మారవు. చిక్కు వచ్చేది కాలుష్య పరీక్షలో. ఓవర్‌ల్యాప్ ఎక్కువైన ఇంజిను ఐడ్లింగులో కాలని పెట్రోలును పొగగొట్టంలోకి వదులుతుంది, హైడ్రోకార్బన్ల అంకె పెరుగుతుంది. 15 ఏళ్ళు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవలసిన బండి అయితే, ఆ గడువుకు ముందు పెద్ద షాఫ్ట్ వేయించకండి.