ముందు అడుగు చూడు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. గంటకు 60 కిలోమీటర్లు పరుగెత్తే రిమోట్ పడవ కట్టావనీ, అది నీళ్ళ మీద నిలకడగా ఉండడం లేదనీ, ఎలాగైనా సరిచేసి ఈ నెలలోనే తంపర చెరువులో వదులుతానంటున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. వింటున్నంతసేపూ ఛాతీ ఉబ్బింది. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఒడియా బడిలో చదివినవాడివి, నా తెలుగు కూడబలుక్కోవాలని తెలుసు. అర్థం కానిచోట మీ అమ్మను అడుగు. ఒక్క చోటు మాత్రం అడగకు, అది ఏదో చదివితే నీకే తెలుస్తుంది.

చిన్న సంగతులు ముందు. ప్రతి పరుగు తర్వాత ఫ్లెక్స్ షాఫ్టు (మోటారు నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే వంగే కడ్డీ) బయటికి లాగి తుడిచి గ్రీజు పెట్టు. ఉబ్బిన లిపో బ్యాటరీని చార్జింగుకు పెట్టకు. రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్ తీగ నీటిమట్టానికి పైన నిలువుగా ఉండాలి.

ఇక నిలకడ. పడవ ఎలా ఊగుతోందంటే మీ అమ్మ "తాగినవాడిలా" అంది. అది చాలదురా. ముక్కు ఎగిరెగిరి పడుతుంటే బరువు మరీ వెనక్కి ఉన్నట్టు, లేదా స్ట్రట్ (వెనుక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టి ఉంచే కొయ్య) కోణం ముక్కును పైకి ఎత్తుతున్నట్టు. బయలుదేరగానే ఒకే పక్కకు ఒరిగితే అది ప్రొపెల్లర్ చేసే పని. అది ఒకవైపు తిరిగితే పడవ ఒళ్ళు రెండోవైపు వాలుతుంది. బ్యాటరీని పైకి లేచిన పక్కకు రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి చూడు. వేగం అందుకున్నాక కుడికీ ఎడమకూ దొర్లడం వేరే జబ్బు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఏమవుతుందో నా ఒంటి మీదే తెలుసుకున్నాను.

మన ఇంట్లో మగ్గం పోయినా పట్టు నూలు మిగిలింది. ఎనిమిది పేటలు కలిపి ఉయ్యాలలా పడవ అడుగున వేసి, బ్యాటరీలు లోపల ఉంచి ఎత్తి పట్టుకో. సమంగా నిలిచిన చోట గుర్తు పెట్టు. వీ ఆకారపు అడుగైతే ఆ గుర్తు వెనుక చెక్క నుంచి మొత్తం పొడవులో 30 శాతం చుట్టుపక్కల ఉండాలి. 70 సెంటీమీటర్ల పడవకు 21 అన్నమాట.

ఇప్పుడు నా సంగతి. 2013 వేసవి, ఫైలిన్ తుఫానుకు కొన్ని నెలల ముందు. మీ అత్తయ్య గాజులకు దాచిన డబ్బుతో మోటారు కొని (ఆ తగవు ఇంకా తెగలేదు) నేనూ ఒక పడవ కట్టాను. అద్దంలా మెరవాలని ఐదు పూతల రంగు వేశాను. తంపరలో వదిలితే సగం వేగం దాటగానే దొర్లడం మొదలుపెట్టింది. జీవితమంతా మోటార్లు చుట్టి బతికినవాణ్ణి, నాకు తెలియనిదేముంది! తూకం తేడా అని తేల్చేసి, అక్కడున్న జాలరిని వలకు కట్టే సీసపు గుళ్ళు అడిగి ముక్కులో అంటించాను. కాస్త తగ్గినట్టనిపిస్తే ఇంకొన్ని అంటించాను. మలుపు తిప్పగానే బరువెక్కిన ముక్కు నీళ్ళలో గుచ్చుకుంది, వెనుకభాగం గిరుక్కున తిరిగింది, పడవ బోర్లా పడింది. లోపల తేలడానికి థర్మాకోల్ ముక్క కూడా పెట్టలేదు. సీసం లాగుతుంటే మెల్లగా మునుగుతోంది. గట్టు నుంచి నలభై గజాలు కూడా లేదు.

దిగాను. చెప్పులు విప్పి, చొక్కాతోనే. ఛాతీ లోతు దాటాక నాచు తీగలు కాళ్ళకు చుట్టుకున్నాయి. విదిలించిన కొద్దీ బిగుసుకున్నాయి. నాకు ఈత బాగా వచ్చని నీకు తెలుసు కదా, ఆ ఈత ఎందుకూ పనికిరాలేదు. రెండుసార్లు నీళ్ళు మింగాను. గుళ్ళు ఇచ్చిన జాలరే పడవ తోసుకుంటూ వచ్చి కాలరు పట్టి లాగాడు. తిట్టలేదు. నన్ను గట్టు మీద పడేసి, బొమ్మ పడవనూ తెచ్చి పక్కన పెట్టి, నా గుళ్ళు ఏవి అని ఒడియాలో అడిగాడు. మీ అమ్మకు ఇది ఈరోజుకీ తెలియదు.

వారం తర్వాత పడవను బోర్లించి, స్టీలు స్కేలును అడుగుకు ఆనించి దీపం ఎదుట పట్టుకున్నాను. వెనుక చివర, స్కేలుకూ అడుగుకూ మధ్య సన్నటి వెలుతురు గీత. అక్కడ అడుగు కొంచెం పైకి వంగి ఉంది. అంచులను వేలితో తడిమితే, రంగు పూతల వల్ల, అరిగిన సబ్బు బిళ్ళలా గుండ్రంగా ఉన్నాయి. నీరు పదునైన అంచు దగ్గర తెగి విడిపోవాలి. గుండ్రటి అంచైతే దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది, ఓసారి ఈ పక్క, ఓసారి ఆ పక్క. దొర్లుడంతా అదే. తూకం మొదటినుంచీ సరిగ్గానే ఉంది, పాడుచేసింది నేను.

కాబట్టి నీ పడవకు ఏమీ అంటించకముందే స్కేలు ఆనించు. అంచు గుండ్రంగా ఉంటే టేపును గోడలా నిలబెట్టి ఎపాక్సీ పోసి, గట్టిపడ్డాక చెక్క ముక్కకు ఎమరీ కాగితం చుట్టి రుద్దు. గోరు గీస్తే పొడి రాలేంత పదును రావాలి. ఎత్తేటప్పుడు అరచెయ్యి జాగ్రత్త. తర్వాత స్ట్రట్‌ను అడుగుకు సమాంతరంగా పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టు. ఒక పరుగుకు ఒకే మార్పు, అదీ నోటుబుక్కులో రాసుకుని. రెండు కలిపి మార్చావని తెలిస్తే చెవి మెలేస్తాను, మీసాలొచ్చాయని చూడను.

లోపల ఖాళీ ఉన్నచోటల్లా ఫోమ్ ముక్కలు కూరు. పడవ ఆగిపోతే గాలం దారానికి టెన్నిస్ బంతి కట్టి దాని అవతలికి విసిరి మెల్లగా లాక్కో. అందకపోతే గాలి తెచ్చేదాకా కూర్చో, లేదా జాలరిని పిలిచి డబ్బివ్వు. మునిగిపోతే మునగనీ నాన్నా, ఇంకో పడవకు నేనిస్తాను, మీ అత్తయ్యకు చెప్పకుండా. నువ్వు మాత్రం దిగకు. నా మీద ఒట్టు. తంపర రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల్లో, ఉన్న చెరువు, పక్షులు వాలిన వైపు కూడా పోనివ్వకు.

స్కేలూ పట్టు నూలూ మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. స్కేలు తిరిగి కావాలి. ఆదివారం ఉదయం ఆరున్నరకు, గాలి లేవకముందే నేను గట్టు మీద ఉంటాను. అంతవరకూ వదలకు. ఆ సీసపు గుళ్ళలో రెండు ఇంకా నా పనిపెట్టెలో ఉన్నాయి. అడిగినా ఇవ్వను.

మీ మామయ్య