ఫిజిక్సా, ఎంసీఏనా? ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్ళకండి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. వయసు 51. జీతం 24 వేలు, మా ఆవిడకు కుట్టుపని మీద 6 వేలు వస్తాయి. అమ్మాయి బీఎస్సీ మూడో ఏడు. ఫిజిక్స్ మేజర్, కంప్యూటర్ సైన్స్ మైనర్. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తానంటోంది. ఎంసీఏ చేయిస్తే రెండేళ్ళలో చేతికి అందివస్తుందని మా బావమరిది పట్టుబడుతున్నాడు. ఆయన చూసిన ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు, హాస్టల్ కలిపి 4 లక్షలు. ఎమ్మెస్సీకి 1.6 లక్షలు చాలని అమ్మాయి లెక్క. పెళ్ళికని వేసిన ఎఫ్‌డీ 4.5 లక్షలు ఉంది. నెలకు 5 వేల చొప్పున 30 నెలల చీటీ, లక్షన్నరది, 14 వాయిదాలు కట్టాను. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఎఫ్‌డీ తీయాలా, చీటీ పాడాలా?

జవాబు: మీ ఉత్తరంతో పాటు అమ్మాయి వేసిన ఖర్చుల పట్టీ కూడా అందింది. రూళ్ళ కాగితం, పెన్సిల్ లెక్క. మెస్ దగ్గర 4,500 రాసి, చెరిపి, 3,500 చేసింది. కింద చిన్న అక్షరాలతో ‘నాకు ఫిజిక్సే ఇష్టం. నాన్నకు కష్టమైతే ఎంసీఏ అయినా పర్లేదు’ అని ఉంది. మీ ఇంటి డబ్బు పరిస్థితి బావమరిది కన్నా ఆ పిల్లకే బాగా తెలుసు.

ముందు ఎఫ్‌డీ సంగతి. తీయొద్దు. పెళ్ళి కోసమని కాదు. రెండేళ్ళలో మీ అబ్బాయి ఇంటర్ అయిపోతుంది, అప్పుడు ఫీజు కట్టాల్సింది మీరే. పైగా కొట్లో పని ఎప్పుడు తగ్గుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు ఇల్లు ఎలా గడుస్తుందో మీరు ఏటా చూస్తున్నదే.

చీటీ కూడా ఇప్పుడు పాడకండి. 30 వేలు తగ్గించి పాడితే 1,20,000 చేతికొస్తుంది. ఆ 30 వేలల్లో, చీటీ మొత్తం మీద నూటికి 5 కమీషన్, అంటే 7,500, చివరిదాకా ఆగినా పోయేదే. మిగతా 22,500 మాత్రం తొందర కోసం వదులుకున్నది. అదే 1,20,000ని ఏడాదికి నూటికి 10 వడ్డీతో 16 నెలలు అప్పు తెచ్చుకుంటే వడ్డీ 16 వేలు. పాడినవాడు జామీనుదారుల కోసం తిరిగే తిరుగుడు దీనికి అదనం. ఉద్యోగస్థుడి సంతకం కావాలంటారు, అది మళ్ళీ మీ బావమరిదే పెట్టాలి, ఇక ఆయన మాట కాదనలేరు.

ఇక అసలు విషయం. ‘ఏది చదివితే జీతం ఎక్కువ’ అని అందరూ అడుగుతారు. మీలాంటి ఇంటికి అంతకన్నా ముఖ్యమైనది మొదటి జీతం ఎన్నేళ్ళకు వస్తుంది, అందాకా ఎవరు భరిస్తారు అన్నది. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్ళే. 4 లక్షలూ లోనుగా తీసుకుని, ఏటా 2 లక్షల చొప్పున వాడి, కోర్సు రెండేళ్ళూ తర్వాత ఏడాదీ వడ్డీ కట్టకుండా వదిలేస్తే, నూటికి 10 బారువడ్డీ లెక్కన బాకీ 5 లక్షలవుతుంది. ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 8,300. హైదరాబాద్‌లో మొదటి జీతం 22 వేలే వచ్చిందనుకోండి, హాస్టల్, బస్సు పోను ఇంటికి పంపేదేమీ ఉండదు. మేనేజ్‌మెంట్ సీటుకు అంత పెట్టడం నాకు నచ్చలేదు. ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి నాగార్జున యూనివర్సిటీలో ఎంసీఏ సీటు తెచ్చుకుంటే ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్ కూడా లేదు.

ఫిజిక్స్‌కు ఫీజు తక్కువ, దారి పొడుగు. ఎమ్మెస్సీ రెండేళ్ళు, పీహెచ్‌డీ ఇంకో ఐదారేళ్ళు. కానీ ఆ ఐదారేళ్ళూ మీరు పోషించాలన్నది తప్పు. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, రెండేళ్ళ తర్వాత 42 వేలు, ఇంటి అద్దె భత్యం వేరు. మీ ఇద్దరి సంపాదన కన్నా ఎక్కువ. రాకపోతే ఏమిటి? గుంటూరు, విజయవాడ మధ్య ఉన్నవాళ్ళకు ఇది మరీ భయపడాల్సిన ప్రశ్న కాదు. ఇంటర్ కాలేజీలు ఇన్ని ఉన్న చోట జేఈఈ, నీట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాళ్ళకు పని దొరుకుతుంది. కొత్తవాళ్ళను అరకొర జీతానికి ఉదయం నుంచి స్టడీ అవర్ దాకా పిండుతారు, అదీ నిజమే. పేరు తెచ్చుకున్న లెక్చరర్ సంగతి వేరు. బీఈడీ కూడా ఉంటే డీఎస్సీ రాసుకోవచ్చు.

ఇంకో తేడా చూడండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసిన పిల్ల ప్రోగ్రామింగ్ వదలకపోతే తర్వాత సాఫ్ట్‌వేర్ వైపు మళ్ళగలదు. ఎంసీఏ చేసి మళ్ళీ ఫిజిక్స్‌లోకి రావడం చాలా కష్టం. అమరావతిలో క్వాంటం వ్యాలీ అని, క్వాంటం కంప్యూటర్ల కేంద్రం, 2025లో ప్రభుత్వం ప్రకటించాక, ఐబీఎం, టీసీఎస్ పేర్లు విన్నాక, ‘మా పిల్లను ఫిజిక్స్‌లో వేయమంటారా’ అని నన్ను అడిగే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. ప్రకటన చూసి పొలం కొన్నవాళ్ళను మన ప్రాంతంలో ఇప్పటికే చూశాం. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

నా మొగ్గు ఫిజిక్స్ వైపే. అయితే ఒక షరతు. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ ద్వారా ఐఐటీలోనో, సెంట్రల్ యూనివర్సిటీల పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోటో, రాష్ట్ర పరీక్ష పీజీసెట్ ద్వారా మంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోనో సీటు రావాలి. ల్యాబ్ తలుపు తాళం తీయని కాలేజీలో ఎమ్మెస్సీ అయితే వద్దు, ఐసెట్ ఎంసీఏనే మేలు. కాబట్టి రెండు వైపులా పరీక్షలు రాయనివ్వండి. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తు మాత్రం అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరులోనే అయిపోతుంది. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. ఎన్‌ఐటీల్లో ఎంసీఏకి నిమ్‌సెట్ కూడా ఉంది కానీ దానికి డిగ్రీలో మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. డిగ్రీలో ఒక్కటే ప్రధాన సబ్జెక్టుండే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక ఈ మెలిక చాలామందికి తెలియడం లేదు. మార్కుల మెమోలు తీసి చూసుకోండి. ఐసెట్‌కు ఇంటర్ మ్యాథ్స్ సరిపోతుంది.

ఏ సీటు వచ్చినా ఎడ్యుకేషన్ లోను అమ్మాయి పేరు మీద తీసుకోండి, మీరు సహ రుణగ్రహీతగా ఉండండి. 7.5 లక్షల వరకు తాకట్టు అడగకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. సీటు వచ్చిన సంస్థ కేంద్ర ప్రభుత్వ చదువు లోన్ల పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందేమో బ్యాంకులో అడగండి. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు అందులో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. కోర్సు జరుగుతుండగానే వడ్డీ కట్టేయండి. లక్షన్నర మీద నెలకు 1,250. ఆ మాత్రం మీరు సర్దగలరు, బాకీ పెరగదు.

ఇంట్లో ముందే ఒక మాట అనుకోండి. ఎమ్మెస్సీ అయ్యాక నెట్ రెండుసార్లు, మరీ అయితే మూడుసార్లు. అప్పటికీ జేఆర్‌ఎఫ్ రాకపోతే ఉద్యోగంలో చేరాలి. ఈ గడువు బావమరిది ముందు కాదు, మీరిద్దరూ అమ్మాయితో కూర్చుని పెట్టుకోండి.

మెస్ దగ్గర మాత్రం మళ్ళీ 4,500 వేయండి. పది నెలల చొప్పున రెండేళ్ళకు 20 వేలు పెరుగుతుంది. లోను 1.8 లక్షలకు అడగండి.