కుర్చీ కాస్త వెనక్కి జరపండి

ప్రశ్న: మేడమ్, ఒక ప్రైవేటు స్కూల్లో షాడో టీచర్‌గా చేస్తున్నాను. రెండో తరగతి బాబు, ఆటిజం ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడి పక్కనే కూర్చుంటాను. నేనుంటే గొడవ లేకుండా అన్నీ రాస్తాడు. లేచి వెళ్తే పెన్సిల్ కూడా తీయడు. క్లాస్ టీచర్ వాడి నోట్స్ కూడా నన్నే దిద్దమంటున్నారు. జీతం ఇచ్చేది వాళ్ల అమ్మానాన్నలు. సరిగ్గానే చేస్తున్నానా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు మీ కుర్చీ వెనక్కి జరపండమ్మా. మీరు బాబుకు ఆనుకుని కూర్చుంటే పక్క బెంచీ పిల్లలు వాడితో మాట్లాడరు, మీతో మాట్లాడతారు. 'మిస్, వాడికి చాక్లెట్ ఇవ్వొచ్చా?' అని మిమ్మల్నే అడుగుతుంటారు కదా? 'వాణ్ణే అడుగు' అనండి. అమెరికాలో మైకేల్ జియాంగ్రెకో అనే పరిశోధకుడి బృందం 1997లోనే ఈ సంగతి రాసింది. సహాయకులు అస్తమానం అంటిపెట్టుకుని ఉంటే పిల్లలు తోటివాళ్లకు దూరమవుతారని, ప్రతిదానికీ ఆ పెద్దవాళ్ల మీదే ఆధారపడతారని. మనకైతే అంత పరిశోధన కూడా అక్కర్లేదు, లంచ్ టైమ్‌లో ఐదు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక పెన్సిల్. 'బుక్ తెరువు, పెన్సిల్ తీయి, ఇక్కడ రాయి' అని రోజంతా చెబుతుంటారని నా అనుమానం. నేను చూసినంతలో, మాన్పించడానికి అన్నిటికంటే కష్టమైనది ఈ నోటిమాట సాయమే. మాట తగ్గించి వేలితో చూపండి. కొన్నాళ్లకు అదీ తగ్గించి, బల్ల మీద బొమ్మల చీటీ అతికించండి: పుస్తకం, పెన్సిల్, రాయడం, ఆ తర్వాత వాడికి ఇష్టమైన ఆట. టీచర్ ఏదైనా చెప్పాక మీరు వెంటనే అందుకోకుండా మనసులో పది లెక్కపెట్టండి. క్లాసంతా మిమ్మల్నే చూస్తున్నట్టు ఉంటుంది. అయినా ఆగండి. మొదట్లో నోట్స్ సగం ఖాళీగా కనిపిస్తుంది. ఈ మాట అమ్మానాన్నలకు ముందే చెప్పి పెట్టండి, లేకపోతే 'పోయిన నెల అన్నీ రాశాడు కదా' అంటారు. ఆ నిండిన పేజీల్లో వాడిదెంత, మీదెంత అన్నది వాళ్లకేం తెలుసు!

నేను భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, పనిచేసే రోజుల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప ఒకతి ఉండేది. మధ్యాహ్న భోజనం ప్లేటు ఆయా తెచ్చి చేతికిచ్చేది, ప్రేమతోనే. ఆయాను ఒప్పించి పాపను వరసలో నిలబెట్టాం. పాప గోడ పట్టుకుని నడిచేది, స్నేహితురాలు ఇద్దరి ప్లేట్లూ పట్టుకునేది. గుడ్డు పెట్టే రోజున ముందు నిలబడటానికి ఇద్దరూ చేసే గోల ఇంతా అంతా కాదు. నాకైతే ఆ గోల భలే ఇష్టం.

నోట్స్ దిద్దడం మాత్రం మీ పని కాదు. అలాగని టీచర్ మీద కోపం పెట్టుకోకండి, క్లాసు నిండా పిల్లలతో ఆవిడ కష్టాలు ఆవిడవి. రోజుకు ఒక్కసారైనా బాబును పేరు పెట్టి పిలిచి ఒక ప్రశ్న అడగమనండి. ఎర్ర ఇంకు సంతకం ఆవిడదే ఉండాలని నెమ్మదిగా చెప్పండి. ఆవిడ వాడి దగ్గరికి వచ్చినప్పుడు మీరు లేచి వెనక బెంచీ పిల్లల లెక్కలు చూడండి.

జీతం విషయం తల్లిదండ్రులు స్కూలుతో తేల్చుకోవాల్సింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చదవమనండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవడం, పిల్లల అవసరానికి తగిన సాయం అందించడం అందులో ఉన్నాయి. 'షాడో ఉంటేనే సీటు' అనే ముందు స్కూళ్లూ ఒకసారి చదివితే బాగుండు.

ప్రశ్న: ఇంటర్ పాసయ్యాను. షాడో టీచర్ లాంటి పనికి కోర్సు ఏదైనా ఉందా?
– మరో పాఠకురాలు, కరీంనగర్

జవాబు: స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ కావాలంటే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చేసి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో వివరాలు అడగండి. ఎక్కడైనా సరే, ఫీజు కట్టే ముందు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. 'వారం రోజుల్లో షాడో టీచర్ సర్టిఫికెట్' అనే ప్రకటనలు నా వాట్సాప్‌కి కూడా వస్తూనే ఉంటాయి.