ఎర్ర సిరా, నీలం సిరా

తెనాలి,
ఆదివారం రాత్రి

చి. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. మధ్యాహ్నం నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. మీ నాన్న దుర్యోధనుడి వేషం కోసం రాసుకున్న నోటుపుస్తకం అటక మీద రేకుపెట్టెలో, కిరీటం కింద దొరికిందన్నావు. పుస్తకంగా అచ్చు వేయిస్తానన్నావు. ఎంత పొంగిపోయానో నీకు తెలియదు. ఫోను పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. రెండూ కలిపి రాస్తున్నాను. నా చేతిరాత అర్థం కాకపోతే మీ అమ్మ చేత చదివించుకో, ఆవిడకు అలవాటే.

ముందు చిన్న పనులు. చిరిగిన చోట సెల్లోటేపు వేయకు, లామినేషన్ అసలే వద్దు. పేజీలన్నీ స్కాన్ చేయించు. రంగుల్లో చేయించు. ఎందుకో కింద చెబుతాను. మీ నాన్న వీలునామా రాయకుండా పోయాడు కాబట్టి హక్కు నీ ఒక్కదానిదే కాదు, మీ అమ్మకీ అన్నయ్యకీ కూడా ఉంది. వాళ్ళ సంతకాలు తీసుకో. మధ్యమధ్య రాసుకున్న పద్యాలకు ఎవరినీ అడగక్కర్లేదు. అవి తిరుపతి వేంకట కవులవి. ఆ ఇద్దరిలో తర్వాత పోయిన చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు, కవి పోయాక హక్కు ఉండే 60 ఏళ్ళు ఎప్పుడో దాటాయి. మీ నాన్న రాత సంగతి వేరు. మనిషి పోయాక మొదటిసారి అచ్చయిన రాతకు, అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. అంటే ఈ సంవత్సరీకానికే తేవాలన్న నీ కంగారు కంగారే, హక్కు ఎక్కడికీ పారిపోదు. ఇంకోటి, ముందు అట్టా వెనక అట్టా లోపలివైపు తిప్పి చూడు. ఎవరూ చూడొద్దనో, నా తర్వాత చింపేయమనో రాసి ఉందేమో. ఉంటే ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేయొచ్చు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ముప్పై ఏళ్ళు దాటింది.

మా నాటక సమాజంలో ఒక నటుడు ఉండేవాడు. పేరు రాయను. పరిషత్తు పోటీలకు వేసిన ఒక సాంఘిక నాటకంలో తాగుబోతు తండ్రి వేషం వేశాడు. జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఆ వేషం కోసం ఒక లాంగ్ నోట్‌బుక్ నింపాడు. ఆ మరుసటి ఏడే గుండెపోటుతో పోయాడు. సంస్మరణ సంచిక వేద్దామని అందరికంటే ముందు బయల్దేరింది నేనే. అతని భార్య బీరువా తీసి పుస్తకం నా చేతిలో పెట్టింది. ‘‘ఆయన నాటకాల పుస్తకాలు నేను ముట్టుకునేదాన్ని కాదు అన్నయ్యగారూ, మీకు తెలుస్తుంది ఏది వేయాలో’’ అంది.

నాకు తెలుస్తుందట! తెరిచి చూస్తే కొంత ఎర్ర సిరా, కొంత నీలం సిరా. పెన్నులో సిరా అయిపోతే మార్చి ఉంటాడనుకున్నాను. నాలుగు పేజీలు ఏరాను. అందులో ఒకచోట ఇలా ఉంది: ‘‘ఇంటి గుమ్మం కనబడితే కాళ్ళు వెనక్కి లాగుతాయి. లోపల అది అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ ఎదురుచూపంటేనే నాకు అసహ్యం.’’ చదివి ఒళ్ళు జలదరించింది. ఎంత లోతుకు దిగాడురా అనుకున్నాను. ‘నటుడి అంతరంగం’ అని శీర్షిక పెట్టి, నడిమి పేజీలో, అతని ఫోటో కింద వేయించాను. చివర అతని పేరు కూడా. అక్షరాలు చేత్తో పేర్చి కొట్టే ప్రెస్సు, ఒక్కటే సిరా, నలుపు. ఐదు వందల కాపీలు. సభలో దండలు, ప్రసంగాలు. నాకూ ఒక శాలువా కప్పారు.

మూడో రోజు ఆవిడ కబురు చేసింది. వెళ్ళాను. సంచిక ఆ పేజీ దగ్గర తెరిచి ఉంది. ‘‘అన్నయ్యగారూ, ఈ మాట ఆయనదా, వేషానిదా?’’ అని అడిగింది. వేషానిదేనమ్మా అన్నాను. ‘‘మరి కింద ఆయన పేరు ఉందే?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికే వాళ్ళ బంధువుల్లో ఒకరు, ‘‘పాపం, లోపల ఇంత బాధ పెట్టుకున్నాడన్నమాట’’ అని ఆవిడ ముందే అన్నారు.

పుస్తకం తెచ్చి చూపిద్దామని ప్రెస్సుకు పరుగెత్తాను. పేజీలు విడదీసి కంపోజింగుకు పంచుకున్నారు, పని అయ్యాక పారేశారు. నేను ఏరినవన్నీ పోయాయి. మిగిలిన పుస్తకం ఇంటికి తెచ్చి, రాత్రంతా కూర్చుని చదివితే అప్పుడు తెలిసింది. ఎర్ర సిరాలో రాసింది వేషం మాట్లాడేది, నీలం సిరాలో రాసింది తను. ఒక నీలం పేజీలో ఉంది: ‘‘ఇవాళ రాసింది చదువుకుంటే నాకే భయం వేసింది. ఇంటికి పోయి ఆమెకు కాఫీ కలిపి ఇచ్చాను. ఏమిటి విశేషం అని నవ్వింది.’’ ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. చదువుకుంది. ‘‘ఇది వేయాల్సింది కదండీ’’ అంది, అంతే.

ఆ నడిమి పేజీ మాటలు ఎర్ర సిరాలో ఉన్నాయా, నీలంలోనా? ఎరుపే అని నా నమ్మకం. నమ్మకమే, చూపించడానికి కాగితం లేదు. తర్వాత పన్నెండేళ్ళు బతికింది ఆవిడ. ప్రతి సంక్రాంతికీ మా ఇంటికి అరిసెలు పంపేది. నాటకానికి మాత్రం మళ్ళీ రాలేదు.

అందుకే అమ్మలూ, రంగుల్లో స్కాన్ చేయించమన్నది. ఫోనుతో స్కాన్ చేస్తే ఒక్కోసారి నలుపు తెలుపు చేసిపెడుతుంది. డీటీపీ కుర్రాడు అంతా ఒకే ఫాంటులో కొట్టిపారేస్తాడు. మీ నాన్నకు ఈ కథంతా తెలుసు. నా మీద ఎగిరిపడ్డవాళ్ళలో వాడే మొదటివాడు. ఆ తర్వాత జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది.

బ్యాట్‌మ్యాన్ సినిమాలో జోకరు వేషం కట్టిన ఆ ఆస్ట్రేలియా కుర్రాడి డైరీని వాళ్ళ నాన్నే లోకానికి చూపించాడు కదా అని నువ్వు అడిగావు. హీత్ లెడ్జర్. మనవడి చేత వెతికించి చూశాను. లండన్‌లో హోటల్ గదిలో నెల రోజులు ఒంటరిగా కూర్చుని ఆ గొంతూ ఆ నవ్వూ సాధించాడట. డైరీ నిండా జోకర్ల బొమ్మలు, అతికించిన కాగితాలు. చివర పెద్ద అక్షరాలతో ‘బై బై’. వేషం అయిపోయింది, ఇక సెలవు అని దానికే చెప్పాడని నాకనిపించింది. నాటకం అయ్యాక కిరీటం తీసి దణ్ణం పెట్టుకోమూ మనం? అతను 2008 జనవరి 22న, 28 ఏళ్ళకు పోయాడు. డాక్టర్లు రాసే మందులే ఒకదానితో ఒకటి కలిసి, పొరపాటున. అధికారికంగా తేల్చిందీ అదే. అయినా జనం ఊరుకున్నారా? వేషమే మింగేసిందన్నారు, ఆ పేజీని సాక్ష్యంగా చూపించారు. వేషం వాణ్ణి కుంగదీయలేదు, సరదాగానే చేశాడని తర్వాత వాళ్ళ అక్క చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తండ్రిని నేను తప్పు పట్టను. కొడుకు చేతిరాత చేతిలో ఉంటే ఎవరికైనా నలుగురికీ చూపించాలనే ఉంటుంది.

స్థానం నరసింహారావు గారి సంగతి వేరు. మా ఊరి రామవిలాస సభ అనే నాటక సమాజంలో ఆడవేషాలు వేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. తన వేషాల గురించి ‘నటస్థానం’లో తనే రాసుకున్నారు. ఏది చెప్పాలో, ఏది కడుపులో దాచుకోవాలో తనే ఏరుకున్నారు. మీ నాన్నకు ఆ అవకాశం లేదు. ఆ ఏరుడు నీ నెత్తిన పడింది.

మయసభ సీనుకు ఎన్ని అడుగులు వేశాడో, ఏ అడుగు దగ్గర తడబడ్డాడో, పద్యంలో ఊపిరి ఎక్కడ తీశాడో, మీసం మీదికి చెయ్యి ఏ మాట దగ్గర పోవాలో, అవన్నీ అచ్చు వేయి. కొత్త కుర్రాళ్ళకు అవి చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. బతికున్న మనుషుల గురించి ఉన్న పేజీలు మాత్రం ముందు వాళ్ళకు చూపించు. వద్దంటే తీసేయి, ఇక్కడ కొన్ని పేజీలు వదిలేశామని ఒక ముక్క రాయి. మీ అమ్మ గురించి ఉన్నవి ఫోనులో చదివి వినిపించకు. వెళ్ళి పక్కన కూర్చో. దుర్యోధనుడంటేనే అసూయ కదా, ఆ అసూయ కోసం వాడు ఇంట్లో, వీధిలో, మా సమాజంలో ఎవరెవరి దగ్గర వెతుక్కున్నాడో ఎవరికి తెలుసు.

ఎవరికి తెలుసు అంటున్నాను గానీ, కొంత నాకు తెలుసు.

పడక సీనులో నేను కృష్ణుణ్ణి. ఎన్నో ఏళ్ళు మీ నాన్న వచ్చి నా తలాపున కూర్చునేవాడు, నేను కళ్ళు మూసుకుని పడుకునేవాణ్ణి. కళ్ళు తెరిచాక కూడా ముందు కాళ్ళ దగ్గరున్న అర్జునుణ్ణే చూడాలి. తల తిప్పి మీ నాన్నను చూసేసరికి ముఖం వేషానికి సర్దుకుని ఉండేది. నా పద్యానికి వన్స్ మోర్ పడితే, వాడు అంత బరువు కిరీటంతో అలాగే కూర్చుని ఉండేవాడు. ఒక తెల్లవారుజామున బస్టాండులో ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగుతుంటే అన్నాడు, ‘‘అన్నయ్యా, నీకు వన్స్ మోర్ పడినప్పుడు నాకు లోపల ఏమవుతుందో నీకు తెలియదు. అది మాత్రం నాకు భలే పనికొస్తుంది.’’ ఇద్దరం నవ్వుకున్నాం.

మధ్యాహ్నం నువ్వు కూడా, ‘‘మీ గురించి కూడా ఉంది పెదనాన్నా’’ అని నవ్వావు. నేను వేరే మాటలోకి దిగాను. ఇంత పెద్ద ఉత్తరం మీ నాన్న పరువు కోసం రాస్తున్నానో నా కోసం రాస్తున్నానో నాకే అనుమానంగా ఉంది.

వచ్చే ఆదివారం పుస్తకం తీసుకుని రా. బస్సులో సంచి పైన పెట్టకు, ఒళ్ళో పెట్టుకో. వాట్సాప్‌లో ఫోటోలు ఎవరికీ పంపకు, నాకు కూడా. కొత్త కళ్ళజోడు వచ్చింది, నేనే చదువుకుంటాను.

మీ పెదనాన్న

తా.క.: నా గురించి రాసిన పేజీ ఏ సిరాలో ఉందో రేపు పొద్దున్నే ఫోను చేసి చెప్పు. ఏం రాశాడో వద్దు. రంగు చాలు.