ఫుటేజ్ భద్రం: కార్డు నుంచి అల్మారా దాకా

వీడియో ఎడిటింగ్ మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి: ఫైళ్లు ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి, ఎప్పుడు తీసేయాలి. జవాబులకు ముందు ఒక తేడా మనసులో ఉంచుకోండి. కెమెరా తీసిన ఒరిజినల్ పోతే మళ్లీ రాదు, ముహూర్తం మళ్లీ పెట్టించలేం. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు), క్యాష్ ఫైళ్లు, ప్రివ్యూ రెండర్లు (త్వరగా చూపించడానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసి దాచుకునేవి) పోతే కంప్యూటర్ కొన్ని గంటల్లో మళ్లీ తయారు చేస్తుంది. దేనికి ఎంత జాగ్రత్త కావాలో ఈ తేడాను బట్టే తేల్చుకోవాలి.

ప్రశ్న: రెండు సోనీ కెమెరాలు, ఒక డ్రోన్‌తో పెళ్లిళ్లు తీస్తాం. ఇంటికి రాగానే కార్డులన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసేస్తాం. మొన్న ఒక పెళ్లిలో రెండో కెమెరా తీసిన తలంబ్రాల క్లిప్పులు కనబడలేదు. కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు. ఏం జరిగి ఉంటుంది? (ఒక వీడియోగ్రాఫర్, భీమవరం)

జవాబు: కార్డులు అలాగే ఉన్నాయి కాబట్టి క్లిప్పులు కూడా ఉన్నాయి, కంగారు పడకండి. ముందు కెమెరాల ఎస్‌డీ కార్డులకు పక్కనున్న చిన్న మీటను జరిపి లాక్ చేయండి. డ్రోన్‌లో వాడే మైక్రో ఎస్‌డీకి ఆ మీట ఉండదు, దాన్ని బయటికి తీసి పక్కన పెట్టండి.

సోనీ కెమెరాల్లో చాలావాటిలో సెట్టింగ్ మార్చకపోతే, ఫార్మాట్ చేసిన కార్డు మీద క్లిప్పుల పేర్లు మళ్లీ సి0001 నుంచి మొదలవుతాయి. అంటే మీ రెండు కెమెరాల్లోనూ సి0001 ఉంది, సి0002 ఉంది. ఒకే ఫోల్డర్‌లో వేసినప్పుడు ఆ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉందని విండోస్ అడుగుతుంది. రీప్లేస్ నొక్కితే మొదటి కెమెరా క్లిప్పులు చెరిగిపోతాయి, స్కిప్ నొక్కితే రెండో కెమెరావి అసలు కాపీ కావు. మీ దగ్గర స్కిప్ పడి ఉండాలి. తలంబ్రాలే కాదు, అదే నంబర్లున్న రెండో కెమెరా క్లిప్పులన్నీ రాలేదేమో చూసుకోండి.

పెళ్లికి ఒక పెద్ద ఫోల్డర్ తెరవండి. పేరు తేదీతో మొదలవాలి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో: 20250223, తర్వాత పార్టీ పేరు, ఊరు. ఈ వరుసలో రాస్తే పేరును బట్టి సర్దినా ఫోల్డర్లు తేదీల ప్రకారమే నిలబడతాయి. రోజు ముందు రాస్తే నెలలన్నీ కలగాపులగమవుతాయి. లోపల 01 ఫుటేజ్, 02 ఆడియో, 03 ఫొటోలు-గ్రాఫిక్స్, 04 ప్రాజెక్ట్, 05 ప్రాక్సీ, 06 ఫైనల్. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలకు బదులు అండర్‌స్కోర్‌తో రాయండి. విండోస్‌లో తెలుగు పేర్లు పనిచేస్తాయి గానీ కొన్ని ప్లగిన్‌లు, ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ తెరకు పెట్టే ప్లేయర్లు వాటి దగ్గర తడబడతాయి.

ఫుటేజ్ ఫోల్డర్‌లో కెమెరాకు ఒకటి, దానిలో కార్డుకు ఒకటి: కెమెరా ఎ, కార్డు 1, కెమెరా బి, కార్డు 1, డ్రోన్, కార్డు 1. కార్డులో ఉన్నది ఉన్నట్టు మొత్తం దించాలి. వీడియోలు మాత్రం ఏరుకుని మిగతావి వదిలేయకూడదు. ప్రైవేట్ అనే ఫోల్డర్‌లో ప్రతి క్లిప్ పక్కనా ఉండే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఆ క్లిప్ తాలూకు సమాచారం ఉంటుంది. ఏవీసీహెచ్‌డీ అనే పాత పద్ధతిలో తీసే కెమెరాలైతే ఇది మరీ ముఖ్యం. అవి పొడవైన షాట్‌ను ముక్కలుగా రాసి, ఏ ముక్క తర్వాత ఏది అన్నది వేరే ఫైళ్లలో పెడతాయి. ఎంటీఎస్ ఫైళ్లు, అంటే వీడియో ముక్కలు మాత్రమే తెచ్చుకుంటే ముక్కల మధ్య ఒకటి రెండు ఫ్రేములు, కొంత శబ్దం తెగిపోయే ప్రమాదముంది.

ఎప్పుడూ కాపీయే, కట్ వద్దు. మామూలు కాపీలో విండోస్ రాసిన దాన్ని మళ్లీ చదివి సరిచూడదు. టెరాకాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై ఆప్షన్ పెడితే రెండు వైపులా చెక్‌సమ్ (ఫైల్‌లోని డేటా నుంచి కట్టే గుర్తింపు సంఖ్య) లెక్కకట్టి పోలుస్తుంది. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో మీడియా పేజీలో ఉన్న క్లోన్ టూల్ కూడా ఈ పని చేస్తుంది. సెకనుకు 90 ఎంబీ చదివే 128 జీబీ కార్డు నిండుగా ఉంటే సుమారు 24 నిమిషాలు పడుతుంది. అదే కార్డును పాత యూఎస్‌బీ 2.0 రీడర్‌లో పెడితే గంట దాటుతుంది. అందుకే మంచి రీడర్ మీద పెట్టే ఖర్చు వృథా కాదు. ఒక డిస్క్‌లోకి దించాక రెండో డిస్క్‌లోకి కూడా దించి, రెండింట్లోనూ ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు కార్డుతో సరిపోయాకే ఫార్మాట్ చేయాలి. ఆ ఫార్మాట్ కూడా కెమెరాలోనే.

ఇంకొకటి: పెళ్లికి బయల్దేరే ముందు కెమెరాలన్నింటి గడియారాలూ ఒకే టైముకు పెట్టండి. ఎడిటింగ్‌లో అన్ని కెమెరాల క్లిప్పుల్నీ తీసిన సమయం ప్రకారం సర్దుకోవచ్చు. దీనివల్ల ఆదా అయ్యే శ్రమ చాలా ఎక్కువ.

ప్రశ్న: ప్రీమియర్ ప్రోలో సగం పని అయిన ప్రాజెక్ట్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌తో సహా వేరే సిస్టమ్‌కు తీసుకెళ్తే అంతా ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్ అని వస్తోంది. టైటిల్స్‌లో తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనబడుతున్నాయి. (మిక్సింగ్ యూనిట్ నడిపే పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియో ఉండదు. ఏ క్లిప్ ఏ దారిలో ఉందన్న చిరునామా మాత్రమే ఉంటుంది. మీ సిస్టమ్‌లో ఆ డిస్క్ ‘ఇ’ అక్షరంతో తెరుచుకుని, రెండో చోట ‘ఎఫ్’ అయి ఉంటుంది. చిరునామా తప్పింది, అంతే. రెండు సిస్టమ్‌లలోనూ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవ్ లెటర్ మార్చే ఆప్షన్‌లో ‘వి’ లాంటి చివరి అక్షరం ఏదైనా ఒకటే ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లు వరుసలో ముందున్న అక్షరాలు తీసుకుంటాయి, దీని జోలికి రావు. ఇప్పటికే ఆఫ్‌లైన్ అయినవాటికి లింక్ మీడియా విండోలో మిగతావాటిని ఆటోమేటిక్‌గా కలిపే గడిలో టిక్ ఉంచి ఒక్క క్లిప్ చూపిస్తే చాలు. లోపలి ఫోల్డర్ల అమరిక మారకపోతే మిగతావన్నీ అవే దొరుకుతాయి. ఒకసారి ప్రాజెక్ట్‌లోకి తెచ్చాక డిస్క్ మీద క్లిప్ పేరు మార్చకండి. మార్చాలనిపిస్తే ప్రీమియర్ లోపల మార్చండి, దానివల్ల అసలు ఫైల్ పేరు మారదు.

అప్పటికీ కొన్ని ఎర్రగానే మిగిలితే అవి చాలావరకు పాటలు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు అయి ఉంటాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచో, పార్టీ వాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా టైమ్‌లైన్ మీదికి లాగుతారు, ఆ పెన్‌డ్రైవ్ వెళ్లిపోతుంది. ఏ ఫైలైనా ముందు పెళ్లి ఫోల్డర్‌లోకి కాపీ కావాలి, తర్వాతే టైమ్‌లైన్.

పిచ్చి అక్షరాలకు కారణం ఫాంటు. మీరు టైటిల్‌కు వాడింది అను ఫాంటు అయి ఉంటుంది. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టినవి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో కింద ఉన్న అసలు గుర్తులు బయటపడతాయి. ఫాంటు పెట్టి మళ్లీ తెరవండి, టైటిల్ బాగుపడుతుంది. టైటిల్‌కు వాడిన ఫాంట్ల పేర్లు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంచండి. ఏడాది తర్వాత పార్టీ వాళ్లు వచ్చి పేరులో అక్షరం మార్చమంటే అది అక్కరకొస్తుంది.

ప్రశ్న: 4కెలో తీస్తున్నాం. ఎడిటింగ్‌లో లాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తోంది. ఎస్‌ఎస్‌డీ కొనమంటున్నారు. ఎంత సైజుది కొనాలి? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: కొనే ముందు ఒక పరీక్ష చేయండి. టైమ్‌లైన్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ దగ్గర 100 శాతం కనిపిస్తే ఎస్‌ఎస్‌డీ పనికొస్తుంది. డిస్క్ ఖాళీగా ఉండి సీపీయూ 100 శాతం దగ్గరుంటే ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా తేడా ఉండదు. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీసిన 4కె క్లిప్‌కు సెకనుకు 12.5 ఎంబీ చదివితే చాలు. మూడు కెమెరాలు ఒకేసారి నడిచినా 37.5 ఎంబీయే. అసలు బరువు డీకోడింగ్‌లో, అంటే కుదించిన వీడియోను విప్పడంలో ఉంది. కెమెరాలు వీడియోను కుదించే హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేములతో ఉన్న తేడాలుగా మాత్రమే దాచి ఉంటాయి, ఒక ఫ్రేము చూపించాలన్నా చుట్టుపక్కలవి విప్పాలి. రంగుల వివరం ఎక్కువ దాచే 10 బిట్ 4:2:2లో తీస్తే మరీ కష్టం, దాన్ని సొంతంగా విప్పలేని గ్రాఫిక్స్ కార్డులు చాలా ఉన్నాయి. దీనికి మందు ప్రాక్సీ. ప్రోరెస్ ప్రాక్సీ అనే సులువుగా విప్పగలిగే ఫార్మాట్‌లో 1080 సైజుకు చేసుకుని దాని మీద కట్ చేసి, చివర్లో ఒరిజినల్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇక లెక్క. 100 ఎంబీపీఎస్ అంటే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు చెరి ఐదు గంటలు తీస్తే 450 జీబీ. సెకనుకు 25 ఫ్రేముల ప్రోరెస్ ప్రాక్సీ గంటకు 17 జీబీ చొప్పున పది గంటలకు 170. డ్రోన్, ఫైనల్ ఫైళ్లు, క్యాష్ కలిపితే 700 దాటుతుంది. 1 టీబీ అని అమ్మే డిస్క్ విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది. కాబట్టి ఒక పెళ్లి వరకైతే 1 టీబీ సరిపోతుంది. సీజన్‌లో రెండు మూడు పెళ్లిళ్లు ఒకేసారి నడుస్తుంటే 2 టీబీ తీసుకోండి. డిస్క్‌ను ఎక్స్‌ఫాట్‌లో ఫార్మాట్ చేస్తే విండోస్, మ్యాక్ రెండింట్లోనూ రాయవచ్చు గానీ, సేఫ్‌గా ఎజెక్ట్ చేయకుండా పీకితే పాడయ్యే అవకాశం ఎన్‌టీఎఫ్‌ఎస్ కంటే ఎక్కువ. విండోస్ మాత్రమే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. ఫాట్32 అసలు వద్దు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

ప్రశ్న: డిస్క్‌లన్నీ నిండిపోయాయి. ఏవి తీసేయొచ్చు? రిజాల్వ్‌లో చేసిన పాత ప్రాజెక్టులు విండోస్ మళ్లీ వేయించాక కనిపించడం లేదు, ఫుటేజ్ మాత్రం ఉంది. (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: పని ముగిసిన పెళ్లిలో ప్రాక్సీలు, క్యాష్, ప్రివ్యూ రెండర్లు నిస్సంకోచంగా తీసేయండి. ఒరిజినల్, ప్రాజెక్ట్ ఫైల్, పాటలు, గ్రాఫిక్స్, ఫైనల్ మాత్రం ఉంచండి. ఎన్నాళ్లు ఉంచుతారో అడ్వాన్స్ తీసుకున్నప్పుడే కాగితం మీద రాయండి. ఏడాది అని రాశాక, గడువు దగ్గరపడినప్పుడు సొంత డిస్క్ తెచ్చుకోమని వాళ్లకు కబురు పెట్టడం మర్యాద.

దాచడానికి హార్డ్ డిస్క్ వాడండి, ఎస్‌ఎస్‌డీ వద్దు. కరెంటు లేకుండా అల్మారాలో పడి ఉన్న ఎస్‌ఎస్‌డీలో డేటా మెల్లగా చెదిరిపోగలదు. బాగా అరిగిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలిపితే చాలన్నది జెడెక్ అనే మెమరీ పరిశ్రమ సంస్థ పెట్టిన ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది, మన వేసవిలో మూసిన గది 30 దగ్గర ఆగదు. ఒకే ఫుటేజ్ రెండు హార్డ్ డిస్క్‌ల మీద, ఆ రెండూ వేర్వేరు ఇళ్లలో ఉండాలి. రెయిడ్ (కొన్ని డిస్క్‌లను ఒకటిగా కలిపి వాడే పద్ధతి) పెట్టాం కదా అనుకోవద్దు. అది ఒక డిస్క్ చెడిపోతే కాపాడుతుంది, పొరపాటున డిలీట్ చేస్తే అన్నింట్లోనూ డిలీట్ చేస్తుంది. ఆరు నెలలకోసారి డిస్క్‌లు తగిలించి కొన్ని ఫైళ్లు తెరిచి చూడండి.

రిజాల్వ్ సంగతి వేరు. ప్రాజెక్ట్ మీ ఫోల్డర్‌లో ఉండదు, అది సి డ్రైవ్‌లోని దాని సొంత డేటాబేస్‌లో ఉంటుంది. సి డ్రైవ్ ఫార్మాట్ అయితే అదీ పోతుంది. ఫార్మాట్‌కు ముందు సి డ్రైవ్ మొత్తం కాపీ ఎక్కడైనా తీసి ఉంటే, అందులోని రిజాల్వ్ డేటాబేస్ ఫోల్డర్‌ను ప్రాజెక్ట్ మేనేజర్‌లో మళ్లీ కలపవచ్చు. లేదంటే కట్ మళ్లీ చేసుకోవాల్సిందే. ఇకపై ప్రతిరోజూ పని ముగించేటప్పుడు ప్రాజెక్ట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి వచ్చే డీఆర్‌పీ ఫైల్‌ను పెళ్లి ఫోల్డర్‌లోని 04 ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వేయండి. అందులో వీడియో ఉండదు, చాలా చిన్న ఫైల్. వీడియోతో సహా కట్టిపెట్టాలంటే ఆర్కైవ్ ఆప్షన్ ఉంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న బంధువులు పంపిన శుభాకాంక్షల వీడియోల్లో పోనుపోను పెదవులకీ మాటకీ పొంతన ఉండటం లేదు. (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క) మార్చుకుంటూ తీస్తాయి, అందుకే టైమ్‌లైన్ మీద బొమ్మ, మాట విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని మార్చి, మార్చినదాన్ని టైమ్‌లైన్‌కు వాడండి, వచ్చిన ఫైల్‌ను కూడా ఉంచండి. ఇకముందు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. 2 జీబీ దాకా నాణ్యత తగ్గకుండా వస్తుంది.

ప్రశ్న: కాపీ చేయకుండానే కెమెరాలో కార్డు ఫార్మాట్ చేశాను. (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: ఆ కార్డుతో ఇంకేమీ తీయకండి, బయటికి తీసి లాక్ చేయండి. కెమెరా చేసే మామూలు ఫార్మాట్ చాలావరకు ఫైళ్ల పట్టికనే చెరుపుతుంది, డేటా మీద కొత్తది రాసేదాకా అది అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికి, దొరికినవి వేరే డిస్క్‌లోకే దించుకోండి, ఆ కార్డు మీదికి మాత్రం కాదు. పేర్లు, ఫోల్డర్లు తిరిగి రావు. కార్డులో ముక్కలుగా పడిన పెద్ద క్లిప్పులు సగంలో తెగి రావచ్చు. తెరుచుకోని ఎంపీ4 ఉంటే అన్‌ట్రంక్ అనే టూల్‌కు ఇవ్వండి. దానితోపాటు అదే కెమెరాతో, అదే సెట్టింగులో తీసిన మంచి క్లిప్ ఒకటి నమూనాగా చూపించాలి, అది చూసే ఇది పాడైన ఫైల్‌ను మళ్లీ పేరుస్తుంది. ఆ నమూనా క్లిప్‌ను వేరే కార్డు మీద తీయండి.